ర్యాంపు ఉంది, దారి లేదు

నడిచేవాళ్లకు అర అంగుళం అసలు లెక్కలోకి రాదు. గడప ఎంత ఎత్తుందో, ఫుట్‌పాత్ మీద రెండు పలకల మధ్య సందు ఎంతుందో ఎవరూ చూసుకోరు. కాలు దానంతటదే సర్దుకుంటుంది. వీల్‌చెయిర్‌లో వెళ్లేవాళ్లకు లెక్క మొదలయ్యేదే అక్కడ. కుర్చీ వెనక చక్రాలు పెద్దవి, మామూలుగా 24 అంగుళాలు. ముందు చక్రాలు చిన్నవి, చాలా కుర్చీలకు ఐదారు అంగుళాలే ఉంటాయి, ఎటు పడితే అటు తిరుగుతాయి. ఎదురొచ్చిన ప్రతి మిట్టకూ మొదట తగిలేది ఈ చిన్న చక్రమే. అది సందులో దిగబడిందంటే కుర్చీ ఆగుతుంది కానీ అందులోని మనిషి ఆగరు, ముందుకు తూలిపడతారు. గడప ఎత్తు అర అంగుళం దాటకూడదనీ, పావు అంగుళం మించితే అంచును వాలుగా చెక్కాలనీ అమెరికా ప్రమాణాల్లో పనిగట్టుకుని రాసింది ఇందుకే.

నగరంలో వికలాంగుల సౌకర్యాల గురించి ఎప్పుడు మాట వచ్చినా లెక్కలు ఒకే తీరుగా చెబుతారు. ఇన్ని భవనాలకు ర్యాంపులు కట్టాం, ఇన్ని స్టేషన్లలో లిఫ్టులు పెట్టాం, ఇన్ని కొత్త బస్సులు కొన్నాం. ఆ అంకెలు నిజమే కావచ్చు. కానీ ర్యాంపు చూసి రావడానికి ఇంట్లోంచి ఎవరూ బయల్దేరరు. ఏదో పని ఉండి బయల్దేరతారు. ఇంటి గుమ్మం, వీధి, రోడ్డు దాటే చోటు, బస్సు, ఆఫీసు మెట్లు, తలుపు, లిఫ్టు, కౌంటర్, టాయిలెట్, ఆ తర్వాత ఇవన్నీ వెనక నుంచి ముందుకు. ఇలాంటి పదింటిలో తొమ్మిది బాగుంటే తొంభై శాతం పని జరిగినట్టు కాదు. పాడైన ఆ ఒక్కదాని దగ్గర ప్రయాణం మొత్తం ఆగిపోతుంది. అదీ ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి కష్టం మారుతుంది. ఇంటి దగ్గరే ఆగితే వెనక్కి వెళ్లొచ్చు. పొద్దున పనిచేసిన స్టేషన్ లిఫ్టు సాయంత్రం ఆగిపోతే పైకీ కిందికీ కాకుండా ప్లాట్‌ఫారం మీద చిక్కుకుపోవాలి.

ముందుగా ర్యాంపు సంగతే చూద్దాం. వీల్‌చెయిర్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది అదే, ఎక్కువగా తప్పు కట్టేదీ అదే. చాలా దేశాల నిబంధనల్లో కనిపించే కొలత 1:12. ఒక అంగుళం ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అంగుళాల పొడవు కావాలన్నమాట. ఆరు అంగుళాల మెట్టు ఒక్కటుంటే ఆరడుగుల ర్యాంపు. అలాంటి మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగులు. ఇది కాక కిందా పైనా కుర్చీ నిలిచేందుకు చదును చోటు ఐదేసి అడుగులు. ఈ లెక్క వినగానే భవనం కట్టేవాళ్లు బిత్తరపోతారు. గుమ్మం ముందు అంత జాగా ఎక్కడిది? దాంతో ఉన్న జాగాలోనే, మెట్ల పక్కన సిమెంటు పోసి ఆరడుగుల్లో ముగించేస్తారు. ఫొటోలో అది ర్యాంపులాగే కనిపిస్తుంది. సామాన్ల ట్రాలీ ఎక్కించడానికి బాగానే పనికొస్తుంది కూడా.

తేడా ఎంతో చేతులకు తెలుస్తుంది. మనిషీ కుర్చీ కలిపి 90 కిలోలు అనుకుందాం. 1:12 వాలు మీద వెనక్కి లాగే బరువు ఏడున్నర కిలోలు. అదే మూడు మెట్ల ఎత్తును ఆరడుగుల్లో ముగిస్తే వాలు 1:4 అవుతుంది, లాగే బరువు 22 కిలోలకు చేరుతుంది. పైగా చక్రం తోసుకునేటప్పుడు ఒక తోపుకూ ఇంకో తోపుకూ మధ్య చేతులు పట్టు వదిలి మళ్లీ వెనక నుంచి అందుకోవాలి. ఆ క్షణంలో కుర్చీ కిందికి జారుతుంది. వాలు మరీ ఎక్కువైతే ముందు చక్రాలు గాల్లోకి లేచి కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం సరేసరి. దిగేటప్పుడు అరచేతులే బ్రేకులు, చర్మం మంటెత్తిపోతుంది. ఇంకో సంగతి, 1:12 అన్నది హాయిగా ఎక్కగలిగే వాలేమీ కాదు, అంతకు మించకూడదని పెట్టిన హద్దు మాత్రమే. చేతుల్లో సత్తువ తక్కువున్నవాళ్లకు 1:20 అయితే గానీ ఒంటరిగా ఎక్కడం కుదరదు. హద్దునే లక్ష్యంగా పెట్టుకుని కట్టడం పాస్ మార్కుల కోసం చదవడం లాంటిది.

కొలతలన్నీ సరిగ్గా ఉన్న ర్యాంపు కూడా పైన చదును వదలకపోతే దండగ. ర్యాంపు చివర నేరుగా తలుపు, ఆ తలుపు బయటివైపుకు తెరుచుకుంటుంది. వాలు మీద కుర్చీ జారకుండా చక్రం పట్టుకోవాలి, తలుపు లాగాలి, లాగిన తలుపు తనకే తగలకుండా వెనక్కి జరగాలి. రెండు చేతులతో ఒకేసారి మూడు పనులు. కాగితం మీద గీసిన ప్లానులో ఇదేదీ కనిపించదు. కట్టినవాళ్లలో ఒక్కరు కుర్చీలో కూర్చుని ఒక్కసారి ఎక్కి చూసినా తెలిసిపోయేది.

రోడ్డు మీదికి వస్తే పేచీ ఇంకో రకం. ఫుట్‌పాత్‌లు వాననీళ్లు పోయేలా రోడ్డువైపుకు కొంచెం వంచి కడతారు. ఆ వంపు రెండు శాతం దాకా పరవాలేదు. అది దాటితే కుర్చీ తిన్నగా పోదు, పల్లానికి లాగుతుంది. అప్పుడు ఒక చక్రాన్ని తోస్తూ రెండో దాన్ని పట్టి ఆపుతూ వెళ్లాలి. అరకిలోమీటరు అలా వెళితే ఒకవైపు భుజం పనిచేయడం మానేస్తుంది. నడిచేవాళ్లకు మాత్రం ఆ వంపు ఉన్నట్టే తెలియదు. ఇక బైకులు ఎక్కకుండా ఫుట్‌పాత్ మొదట్లో దగ్గర దగ్గరగా పాతే స్తంభాల సంగతి చెప్పనక్కర్లేదు. బైకు వాళ్లు ఎలాగో దూరిపోతారు, కుర్చీ మాత్రం దూరదు.

రోడ్డు దాటేచోట ఫుట్‌పాత్ అంచును వాలుగా దించే పద్ధతి మనం అనుకున్నంత కొత్తదేమీ కాదు. అమెరికాలోని కాలమజూ అనే ఊళ్లో, రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన మాజీ సైనికుల కోసం 1940లలోనే అలాంటివి కట్టారు. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో వికలాంగ విద్యార్థులు పట్టుబట్టడంతో ఊరంతా వరసగా కట్టించడం మొదలైంది. ఆ వరస అన్న మాటలోనే విషయమంతా ఉంది. ఒక మూలన దిగడానికి వాలు ఉండి అవతలి మూలన ఎక్కడానికి లేకపోతే ఆ మనిషి నడిరోడ్డు మీద వాహనాల మధ్య మిగిలిపోతారు. అసలు వాలే లేకపోయినా అంతకంటే మేలు, దిగేవాళ్లే కాదు కదా.

ఇలా దించడం వల్ల లాభపడినవాళ్లు వీల్‌చెయిర్‌వాళ్లు ఒక్కరే కాదన్నది తరచూ చెప్పే మాట. పిల్లల బండి తోసే తల్లులు, చక్రాల సూట్‌కేసు లాక్కెళ్లేవాళ్లు, సరుకులు దించే కుర్రాళ్లు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు, అందరికీ అదే దారి. నిజమే. కానీ నష్టపోయినవాళ్లు కూడా ఉన్నారు, ఆ సంగతి అంతగా చెప్పరు. చూపు లేనివాళ్లకు ఫుట్‌పాత్ ఎక్కడ ముగుస్తుందో, రోడ్డు ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు ఆ అంచే. అంచు తీసేస్తే చేతికర్రకు ఏమీ తగలదు. ఈ చిక్కుకు ఒక మందు అప్పటికే జపాన్‌లో ఉంది. సెయిచి మియాకె అనే ఆయన చూపు లేనివాళ్ల కోసం తయారుచేసిన బొడిపెల పలకలను 1967లో ఒకయామా నగరంలో రోడ్డు దాటేచోట పరిచారు. ఇప్పుడు మెట్రో స్టేషన్లలో కనిపించే పసుపు పచ్చ పలకల మూలం అదే. అయితే ఆ బొడిపెలు మళ్లీ వీల్‌చెయిర్ చిన్న చక్రాలను కుదిపేస్తాయి. అందుకే వాటిని ఎక్కడ పడితే అక్కడ కాకుండా అంచు దగ్గర సరిపడా వెడల్పులోనే పరవాలి. వికలాంగులందరి అవసరం ఒకటే అనుకుని చేసే పని ఇలా ఒకరికి దారి తెరిచి ఇంకొకరికి మూస్తుంది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవాలి. ప్రమాదంలో నడుము పడిపోయిన మనిషి గురించి మన పత్రికల్లో తప్పకుండా కనిపించే వాక్యం, “చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు” అని. వినడానికి జాలిగా ఉంటుంది కానీ జరిగేది దానికి తలకిందులు. కుర్చీ లేకపోతే ఆ మనిషి మంచానికి పరిమితం. కుర్చీ వచ్చాకే వీధిలోకి రాగలిగారు. ఆ తర్వాత ఎక్కడైనా పరిమితమైతే అది మెట్టు దగ్గర. 1976లో బ్రిటన్‌లో వికలాంగులే నడిపిన ఒక సంఘం ఇదే వాదనను సూటిగా రాసిపెట్టింది. ఒంట్లో ఉన్న లోపం వేరు, సమాజం కట్టిపెట్టిన అడ్డంకి వేరు, మనిషిని వికలాంగుడిగా చేసేది రెండోదే అని. ఈ వాదన అన్నిచోట్లా అతకదు, నొప్పీ నీరసమూ ఏ ర్యాంపుతోనూ పోవు. కానీ మెట్టు విషయంలో మాత్రం దీనికి తిరుగులేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏదో ఒక తీవ్రమైన వైకల్యంతో బతుకుతున్నవాళ్లు 130 కోట్ల మంది, వీల్‌చెయిర్ అవసరమున్నవాళ్లు సుమారు 8 కోట్లు. ఇంతమంది రోడ్డు మీద కనిపించరు. కనిపించరు కాబట్టి అవసరం లేదనుకుంటారు, ఏర్పాట్లు లేవు కాబట్టి వాళ్లు కనిపించరు.

బస్సుల విషయంలో ఈ వలయం ఎలా తెగిందో చూస్తే, మర్యాదగా అడిగితే తెగలేదు. 1978 జులైలో అమెరికాలోని డెన్వర్‌లో 19 మంది వికలాంగులు ఒక పెద్ద కూడలిలో కుర్చీలతో సహా బస్సులకు అడ్డంగా నిలబడి రాత్రంతా కదలనివ్వలేదు. ఊరికి కొత్త బస్సులు కొన్నారు, వాటిలో వీల్‌చెయిర్ ఎక్కే ఏర్పాటు లేదు, అదీ గొడవ. మొదట్లో మెట్ల దగ్గర యంత్రంతో లేచే పలకలు బిగించారు. అవి మొరాయించేవి, ఎక్కించడానికి నిమిషాలు పట్టేది, లోపల కూర్చున్నవాళ్లు విసుక్కునేవారు. అసలు మార్పు తెచ్చింది నేల కిందికి దించిన లో-ఫ్లోర్ బస్సు. మెట్టే తీసేస్తే ఎత్తే యంత్రంతో పనేముంది, మడత పలక ఒకటి దించితే చాలు. లండన్‌లో మామూలు సిటీ బస్సులన్నీ 2005 చివరికి ఈ రకంలోకి మారాయి.

బస్సు మారినా లోపల చోటు మీద పేచీ మిగిలింది. 2012లో ఇంగ్లండ్‌లో ఒక వీల్‌చెయిర్ ప్రయాణికుడు బస్సెక్కబోతే, ఆ కుర్చీ కోసం వదిలిన చోట పసిపాపతో ఉన్న బండి ఉంది. బిడ్డ నిద్రపోతోంది, బండి మడతపడదంటూ జరగనంది ఆ తల్లి. డ్రైవర్ ఒకసారి అడిగి ఊరుకున్నాడు, వీల్‌చెయిర్ మనిషి కిందే ఉండిపోయాడు. ఈ కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒకసారి అడిగి వదిలేయడం సరిపోదు, కారణం లేకుండా మొండికేస్తే అవసరమైతే బస్సు కాసేపు ఆపైనా ఒత్తిడి పెట్టాలి అని 2017లో తీర్పు వచ్చింది. బలవంతంగా దించేయమని మాత్రం కోర్టు అనలేదు. చోటు అనేది రాసిపెట్టినంత మాత్రాన దక్కదని, దాన్ని ఇప్పించే బాధ్యత ఎవరిదో కూడా తేలాలని ఈ కేసు వల్ల తెలిసింది.

భవనంలోకి అడుగుపెట్టాక చిన్న చిన్న లెక్కలు వరసగా ఎదురవుతాయి. తలుపు తెరిచాక మిగిలే ఖాళీ 32 అంగుళాలు ఉండాలి. తలుపు చట్రం వెడల్పు కాదు, రెక్క మందం పోగా మిగిలేది. కౌంటర్ 36 అంగుళాల ఎత్తు మించితే అవతలి మనిషి ముఖం కనిపించదు, కార్డు మెషీన్ చేతికి అందదు. లిఫ్టు బటన్లు నేల నుంచి 48 అంగుళాల లోపు. ఇవి చిల్లర విషయాల్లా అనిపిస్తాయి కానీ, కౌంటర్ అందని మనిషి తరఫున మాట్లాడేది పక్కనున్నవాళ్లే అవుతారు. “ఆయనకేం కావాలట?” అని గుమస్తా పక్కవాళ్లను అడుగుతాడు. ఆయన అక్కడే ఉంటాడు.

టాయిలెట్ దగ్గర మాత్రం ఆగి చూడాలి, ఎందుకంటే రోజు మొత్తాన్ని నిర్ణయించేది అదే. కుర్చీ గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల ఖాళీ కావాలి. తలుపు లోపలికి తెరుచుకుంటే ఆ ఖాళీని తలుపే తినేస్తుంది, లోపల ఎవరైనా పడిపోతే తెరవడానికీ వీలుండదు. కుర్చీలోంచి సీటు మీదికి జరగాలంటే పక్కన చోటు ఉండాలి, పట్టుకోవడానికి గోడకు గట్టి కమ్మీ ఉండాలి, కుర్చీ, సీటు రెండింటి ఎత్తూ దాదాపు కలవాలి. సాయం కోసం లాగే తాడు నేల దాకా వేలాడాలి. పడిపోయిన మనిషి దాన్ని లాగేది నేల మీద నుంచే. శుభ్రం చేసేవాళ్లకు అడ్డంగా ఉందని దాన్ని ముడేసి పైకి కట్టేస్తుంటారు. ఇవన్నీ బాగున్న టాయిలెట్‌లోనే చీపుర్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు పెడతారు, ఖాళీగా ఉంది కదా అని. లేదంటే తాళం వేస్తారు, తాళంచెవి భోజనానికి వెళ్లినవాళ్ల దగ్గర ఉంటుంది. దీని ఫలితం ఒంటి మీద కనిపిస్తుంది. వీల్‌చెయిర్‌లో తిరిగేవాళ్లలో చాలామంది బయటికి వెళ్లే రోజున పొద్దుటి నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. మూత్రాశయం ఇన్‌ఫెక్షన్లు అసలే ఎక్కువగా వచ్చే శరీరానికి అది చేటు. ఇంజినీరు వదిలేసిన రెండడుగులు చివరికి డాక్టర్ దగ్గర తేలుతాయి.

ఇవేవీ లేనిచోట మనుషులే సాయం పడతారు కదా అనొచ్చు. “నలుగురం పట్టుకుంటే ఎత్తేస్తాం” అన్న మాట మంచి మనసుతోనే వస్తుంది. కానీ చాలా కుర్చీలకు చేతులు ఆనించే భాగాలూ, కాళ్లు పెట్టుకునే పలకలూ ఊడదీసేలా ఉంటాయి. తెలియనివాళ్లు అవే పట్టుకుని లేపుతారు, అవి ఊడి చేతికొస్తాయి, కుర్చీ ఒరిగిపోతుంది. బ్యాటరీ కుర్చీ అయితే మనిషి కాకుండానే 100 కిలోలు దాటే రకాలున్నాయి, దాన్ని మెట్ల మీద ఎత్తడం ఎవరి తరమూ కాదు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది వేరే ఉంది. సాయం చేసేవాళ్లు దొరికితేనే కదిలే మనిషికి తన టైం తన చేతిలో ఉండదు. రైలెక్కించడానికి సిబ్బంది కావాలంటే ముందురోజే చెప్పాలనే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. అనుకోకుండా ఒక స్నేహితుణ్ని చూసి రావాలనిపిస్తే ఏం చేయాలి? జపాన్ స్టేషన్లలో కొంచెం మెరుగైన పద్ధతి కనిపిస్తుంది. ఉద్యోగి మడత ర్యాంపు తెచ్చి ఎక్కించి, దిగే స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు, అక్కడ తలుపు తెరుచుకునేసరికి ఇంకో ఉద్యోగి ర్యాంపుతో నిలబడి ఉంటాడు. ప్లాట్‌ఫారం, రైలు సమానంగా ఉంటే ఆ ఇద్దరితోనూ పనుండదు.

ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇక్కడ “వీల్‌చెయిర్ అనుకూలం” అన్న గుర్తు ఒక్కటి చాలదు. ఆ గుర్తు పెట్టినవాళ్ల దృష్టిలో రెండు మెట్లు ఒక లెక్కే కాకపోవచ్చు. ఎన్ని మెట్లు, తలుపు ఎంత వెడల్పు, టాయిలెట్ ఏ అంతస్తులో అని అంకెల్లో రాసి, గుమ్మం ఫొటో ఒకటి పెడితే వెళ్లాలో వద్దో ఎవరికి వాళ్లు తేల్చుకుంటారు. 2010లో జర్మనీలో మొదలైన వీల్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటం ఈ దారిలోదే. ఎవరైనా ఒక చోటికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒకటి ఇవ్వొచ్చు. ఎరుపు గుర్తు కూడా పనికొస్తుంది. అక్కడికి వెళ్లి తిరిగొచ్చే శ్రమ తప్పుతుంది.

అగ్నిప్రమాదాల సంగతి క్లుప్తంగా. మంటలు లేస్తే లిఫ్టులు వాడొద్దంటారు, అంటే పదో అంతస్తుకు లిఫ్టులో తీసుకెళ్లిన మనిషిని కిందికి తెచ్చే ఉపాయం వేరే ఉండాలి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ ప్రపంచ వాణిజ్య కేంద్రం 69వ అంతస్తు నుంచి వీల్‌చెయిర్ వాడే ఒక ఉద్యోగిని సహోద్యోగులు మెట్ల మీద జారే ప్రత్యేక కుర్చీలో కిందికి చేర్చారు. 1993లో అదే భవనంలో బాంబు పేలాక ముందుజాగ్రత్తగా కొనిపెట్టిన కుర్చీ అది.

చివరికి అన్నీ లిఫ్టు దగ్గరికే వస్తాయి, ముఖ్యంగా భూమి లోపల నడిచే రైళ్లకు. వాషింగ్టన్ మెట్రో 1976లో మొదలైనప్పుడు, లిఫ్టు సిద్ధం కాని ఒక స్టేషన్‌ను కోర్టు ఆదేశం వల్ల ఆ ఏడాది డిసెంబరు దాకా తెరవలేదు. అప్పట్లో అది అతి అనిపించి ఉంటుంది. కానీ ఆ నగరంలో లిఫ్టు లేని స్టేషన్ లేకుండా పోయింది. పాత నగరాలు ఇప్పుడు తవ్వి లిఫ్టులు దించుకుంటున్నాయి. ప్యారిస్‌లో పాత మెట్రో లైన్లన్నీ మెట్లతో ఉంటే, 1998లో మొదలైన 14వ లైను మాత్రం మొదటి నుంచీ మెట్లతో పని లేకుండా కట్టారు. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో మెట్లు ఎక్కకుండా వెళ్లగలిగేవి మూడో వంతు. పైగా స్టేషన్‌కు ఒక్కటే లిఫ్టు ఉంటే అది మరమ్మతుకు వెళ్లిన రోజున ఆ స్టేషన్ మళ్లీ మెట్ల స్టేషనే. ఎన్ని లిఫ్టులు పెట్టారన్న అంకె కంటే, రెండో లిఫ్టు ఉందా, ఆగిపోయిన సంగతి బయల్దేరే ముందే తెలుస్తుందా అన్నవే ప్రయాణికుడికి పనికొచ్చే ప్రశ్నలు. 1904లో మొదలైన న్యూయార్క్ సబ్‌వేలో 472 స్టేషన్లున్నాయి. దశాబ్దాల కోర్టు గొడవల తర్వాత 2022లో ఒక ఒప్పందం కుదిరింది, అప్పటికి వీల్‌చెయిర్‌కు అనువుగా లేని స్టేషన్లలో 95 శాతాన్ని 2055 నాటికి మార్చాలని. ఒప్పందం కుదిరిన ఏడాది పుట్టిన పిల్ల ఒకవేళ వీల్‌చెయిర్‌లో తిరగాల్సివస్తే, ఊళ్లో దాదాపు ఏ స్టేషన్‌కైనా ఒంటరిగా వెళ్లగలిగే నాటికి ఆమెకు 33 ఏళ్లు నిండుతాయి. అదీ ఆ రోజు లిఫ్టులు పనిచేస్తుంటే.